టెక్ సందేహాలు: నెట్ లేని ల్యాబ్‌లో ఉబుంటు సాఫ్ట్‌వేర్ ఎలా?

ప్రశ్న: మా ప్రాథమిక పాఠశాల కంప్యూటర్లలో ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. ఇంటర్నెట్ లేదు. పిల్లల కోసం జీకాంప్రీ (చదువు ఆటల సాఫ్ట్‌వేర్) వేద్దామని ఇంట్లో డెబ్ ఫైల్ (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైల్) డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే, డిపెండెన్సీలు (అది నడవడానికి కావలసిన ఇతర ప్యాకేజీలు) లేవని ఎర్రర్ వచ్చింది. అన్నీ కలిపి తెచ్చుకునే దారి ఉందా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఉందండీ. మీరు తెచ్చింది ప్రోగ్రామ్ ఒక్కటే. దాని బొమ్మలు, శబ్దాలు ఇంకో ప్యాకేజీలో ఉంటాయి. అది నడవడానికి కావలసిన క్యూటీ లైబ్రరీలు (ప్రోగ్రామ్‌లు వాడుకునే సిద్ధం చేసిన కోడ్) మరికొన్ని ప్యాకేజీలు. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మీద నడిచే ఉబుంటులో ఇవి చాలావరకు ముందుగా ఉండవు.

ఉబుంటులో సాఫ్ట్‌వేర్ దించి ఇన్‌స్టాల్ చేసే టూల్ ఆప్ట్. దాని ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ కమాండ్‌కు 'డౌన్‌లోడ్-ఓన్లీ' ఆప్షన్ జోడిస్తే, ఇన్‌స్టాల్ చేయకుండా డిపెండెన్సీలతో సహా ఫైళ్లన్నీ దించి 'వార్/కాష్/ఆప్ట్/ఆర్కైవ్స్' ఫోల్డర్‌లో పెడుతుంది. అయితే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఉన్న లైబ్రరీలను ఆప్ట్ మళ్లీ దించదు. ల్యాబ్‌లో మాత్రం అవి ఉండవు. అంటే మళ్లీ అదే ఎర్రర్.

అందుకే ల్యాబ్‌లో వేసిన ఐఎస్‌ఓతోనే (ఉబుంటు ఇన్‌స్టాలేషన్ ఫైల్) ఇంట్లో వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) ఉబుంటు ఇన్‌స్టాల్ చేయండి. ల్యాబ్‌లో మినిమల్ (తక్కువ ప్రోగ్రామ్‌లతో ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్) ఎంచుకుని ఉంటే ఇక్కడా మినిమలే. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి. 'ఆప్ట్ అప్‌డేట్' ఇవ్వాలి, 'అప్‌గ్రేడ్' మాత్రం వద్దు. అప్‌గ్రేడ్ చేస్తే వెర్షన్లు మారిపోయి ల్యాబ్‌లో పొసగకపోవచ్చు. తర్వాత డౌన్‌లోడ్-ఓన్లీతో 'జీకాంప్రీ-క్యూటీ' దించి, ఆ ఫోల్డర్‌లోని డెబ్ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయ్యేవరకూ 'ఆప్ట్ క్లీన్' ఇవ్వకండి, మొత్తం తుడిచేస్తుంది.

ల్యాబ్‌లో ఆ ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో పెట్టి, టెర్మినల్‌ను అక్కడే తెరిచి, 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్' తర్వాత చుక్క, స్లాష్, నక్షత్రం, చుక్క, డెబ్ అని ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. మొదటి చుక్క, స్లాష్ మరిచిపోవద్దు. అవి ఉంటేనే ఆప్ట్ వాటిని మీ దగ్గరున్న ఫైళ్లుగా గుర్తిస్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్న టెన్షన్ అక్కర్లేదు, వరస అదే చూసుకుంటుంది. పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌ను దాచి ఉంచితే మిగతా కంప్యూటర్లన్నిటికీ అదే సరిపోతుంది.

ఫైర్‌ఫాక్స్‌కు మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. 22.04లో ఉబుంటు దాన్ని డెబ్‌గా కాకుండా స్నాప్ అనే వేరే ప్యాకేజీ రూపంలో ఇస్తోంది. దానికి 'స్నాప్ డౌన్‌లోడ్' వాడాలి. స్నాప్ (ప్రోగ్రామ్), అసర్ట్ (అది అసలుదేనని చెప్పే సంతకం ఫైల్) అని రెండు ఫైళ్లు వస్తాయి. ల్యాబ్‌లో ముందు అసర్ట్ ఫైల్‌కు 'స్నాప్ యాక్' కమాండ్ ఇచ్చి, ఆ తర్వాతే స్నాప్ ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేయాలి.