ఊపిరి సంగతి వదిలెయ్, బెల్ సంగతి రాయి

తమ్ముడూ,

తొంభైల నాటి అమెరికన్ సస్పెన్స్ సినిమాల మీద నువ్వు రాసింది చదివాను. "ఊపిరి బిగబట్టి చూశాను" అని మూడుచోట్ల ఉంది. మూడూ కొట్టెయ్. ఏ సీన్లో, ఎందుకు బిగబట్టావో చెప్పు చాలు.

సినిమా రెండోసారి చూసేటప్పుడు కాగితం మీద రెండు గళ్లు గీసుకో. ఒకదాంట్లో మనకు తెలిసింది, రెండోదాంట్లో పాత్రకు తెలిసింది. పక్కన నిమిషం వేసుకో. సస్పెన్సంతా ఆ రెండు గళ్ల తేడాలోనే ఉంటుంది.

'ఫార్గో' (1996) చూడు. సొంత భార్యనే కిడ్నాప్ చేయించిన జెర్రీ, ఆమెను వదలడానికి అడిగే సొమ్ము దొంగలకు 80 వేల డాలర్లని లెక్క చెప్తాడు, మామగారికి పది లక్షలంటాడు. ఈ తిరకాసు మనకు ముందే తెలుసు, ఆ దొంగల్లో ఒకడైన కార్ల్‌కి తెలీదు. దవడకు తూటా తగిలి నెత్తురోడుతూ బ్రీఫ్‌కేస్ తెరిచి అతను నోరెళ్లబెడతాడు. తర్వాత 80 వేలు తీసుకుని, మిగతాది మంచులో కంచె పక్కన పాతిపెట్టి, గుర్తుగా కారు అద్దం మీది మంచు గీకే బద్దను గుచ్చుతాడు. అటు చూసినా ఇటు చూసినా అదే కంచె, అదే మంచు! నవ్వూ వస్తుంది, గుబులూ పుడుతుంది. ఆ బద్ద గురించి నాలుగు వాక్యాలు రాస్తే 'వక్ర హాస్యం' లాంటి పెద్ద మాటలు అక్కర్లేదు.

అన్నట్టు, మొదట్లో ఇది నిజంగా జరిగిన కథ అని తెర మీద వేస్తారు. నమ్మి రాసేయకు, చాలావరకు కల్పితమే.

ఇక ముగింపు బయటపెట్టడం. 'ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్' (1991)లో ఎఫ్‌బీఐ వాళ్లు ఒక ఇంటిని చుట్టుముట్టి బెల్ కొడతారు, హంతకుడి ఇంట్లో బెల్ మోగుతుంది. వాడు తలుపు తీస్తే ఎదురుగా ఎఫ్‌బీఐ ట్రైనీ క్లారిస్, ఒంటరిగా. ఇళ్లు రెండు! మనల్ని మోసం చేసింది ఎడిటింగ్. ఈ విషయం నీ వ్యాసంలో చెప్పేశావో, చూడనివాడి నోట్లో మట్టి కొట్టినట్టే. "చివర్లో మోగే కాలింగ్ బెల్ మీద ఓ కన్నేయండి" అని ఆపెయ్. చూసినవాడికి అర్థమవుతుంది, చూడనివాడికి ఆశ పుడుతుంది.

'ది యూజువల్ సస్పెక్ట్స్' (1995)ని ఆకాశానికెత్తావు. నాకైతే ఆ చివరి మలుపు తీసేస్తే మిగిలేది తక్కువే. దాని బదులు 'ఎ సింపుల్ ప్లాన్' (1998) చూడు. కూలిపోయిన చిన్న విమానంలో ముగ్గురికి 44 లక్షల డాలర్లు దొరుకుతాయి, అంతే. ఎవరికి ఏ నిమిషంలో ఏం తెలిసిందో గళ్లు నింపి ముందు అది పంపు, వ్యాసం తర్వాత.