ముందు మూడు రోజుల తిండి, ఆ వారంలోనే ఆగిన డబ్బు

ప్రశ్న: మేం ఇంగ్లండులో ఉంటున్నాం. శాశ్వత నివాసం వచ్చింది. తొమ్మిదేళ్ల బాబుకు ఆటిజం. మాటలు రాలేదు, రెండు మూడు రకాలు తప్ప ఏదీ తినడు. ఆరేళ్ల పాపకు సెరిబ్రల్ పాల్సీ. నడవలేదు, మింగడం కష్టం. వాళ్ల కోసం నేను ఉద్యోగం మానేశాను. మావారు డెలివరీ పని చేస్తారు, ఒక వారం ఉంటే ఒక వారం ఉండదు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ వస్తోంది. బాబుకు డీఎల్ఏ (వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే ప్రభుత్వ భత్యం) మధ్య రేటు ఈమధ్యే మంజూరైంది, పాపకు ఇంకా దరఖాస్తు పెట్టలేదు. నెలాఖరు పది రోజులు ఇల్లు గడవడం లేదు. ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకు వెళ్దామంటే మావారు పరువు పోతుందంటున్నారు. వెళ్తే బెనిఫిట్స్ తగ్గిస్తారా? పిల్లల్ని సోషల్ సర్వీసెస్ వాళ్లు తీసుకుపోతారా?

జవాబు: వెళ్లండమ్మా. ఫుడ్ బ్యాంకు ఇచ్చే సరుకులు ఆదాయం కిందికి రావు. యూనివర్సల్ క్రెడిట్ ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు రాసే జర్నల్‌లో రాయాల్సిన పని లేదు, ఒక్క పెన్నీ తగ్గదు. పిల్లల్ని తీసుకుపోతారన్న భయం మన వాళ్లలో చాలామందికి ఉంది. ఇంట్లో డబ్బు లేదన్న ఒక్క కారణంతో అలా చేయరు. అసలు ఫుడ్ బ్యాంకులో చూపించే చీటీలు, అంటే వోచర్లు, రాసిచ్చే వాళ్లలో సోషల్ వర్కర్లూ ఉంటారు. 1989 చిల్డ్రన్ యాక్ట్ 17వ సెక్షన్ వైకల్యం ఉన్న ప్రతి బిడ్డనూ సాయం అవసరమైన బిడ్డగానే గుర్తిస్తుంది. అంటే మీ పిల్లలకు ఏం కావాలో అంచనా వేయమని కౌన్సిల్‌ను అడిగే హక్కు మీకుంది. మీకు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి కోసం పిల్లల్ని కొన్ని గంటలు చూసుకునే ఏర్పాటు కూడా ఆ దారిలోనే వస్తుంది.

అయితే మీ ఉత్తరంలో తిండి కంటే పెద్ద విషయం ఒకటి కనిపిస్తోంది. మీకు రావలసిన డబ్బు అంతా వస్తున్నట్టు లేదు. ఫుడ్ బ్యాంకు మూడు రోజులు గట్టెక్కిస్తుంది, మీ కొరత ప్రతి నెలా ఉంది. అందుకే రెండు పనులూ ఒకే వారంలో మొదలుపెట్టాలి.

ముందు తిండి. ట్రస్సెల్ అనే సేవా సంస్థ కింద ఉన్న ఫుడ్ బ్యాంకులకు వోచర్ ఉండాలి. జీపీ (మీ కుటుంబ డాక్టరు), స్కూల్లో కుటుంబాల సంగతి చూసే ఉద్యోగి, ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ, సోషల్ వర్కర్ వీళ్లలో ఎవరైనా ఇవ్వొచ్చు. ఎవర్ని అడగాలో తెలియకపోతే 0808 208 2138కి చేయండి. ఉచితం, సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటిపూట. వోచర్ ఒక్కటే ఇచ్చి ఫోన్ పెట్టేయరు, మీకు ఏ బెనిఫిట్ రావట్లేదో కూడా చూస్తారు. వోచర్ అక్కర్లేని ఫుడ్ బ్యాంకులూ ఉన్నాయి. గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనం, లంగర్‌కైతే ఎవరైనా నేరుగా వెళ్లి తినొచ్చు, ఊరూ పేరూ అడగరు.

ఇక్కడ పని చెడేది చిన్న విషయాల దగ్గరే. చాలా ఫుడ్ బ్యాంకులు వారంలో కొన్ని రోజులు, అవీ కొద్ది గంటలే తెరుస్తారు. శుక్రవారం సాయంత్రం వోచర్ తీసుకుంటే సోమవారం దాకా ఇంట్లో ఏమీ ఉండకపోవచ్చు. కాబట్టి డబ్బు అయిపోయాక కాదు, అయిపోతుందని తెలిసిన రోజే అడగండి. వోచర్ మీద పెద్దలెందరు, పిల్లలెందరు, వయసులెంత అన్నది సరిగ్గా పడిందో లేదో చూసుకోండి, దాన్ని బట్టే సరుకు కడతారు. నలుగురి సరుకు బరువుగా ఉంటుంది. వీల్‌చెయిర్ తోస్తూ మోయలేరు, ఇంటికి పంపగలరా అని ముందే అడగండి. కొన్నిచోట్ల పంపుతారు, లేదంటే స్కూలు వాళ్లెవరైనా తెచ్చిపెడతారు. ఆరు నెలల్లో మూడు నాలుగు సార్లు దాటితే ఫుడ్ బ్యాంకు వాళ్లు వోచర్ ఇచ్చిన వాళ్లతో మాట్లాడతారు. అది తప్పు పట్టడానికి కాదు, కొరత ఎందుకు ఆగట్లేదో చూడటానికి.

సరుకుల్లో ఎక్కువగా నిల్వ ఉండేవే ఉంటాయి. పాస్తా లేదా బియ్యం, సీరియల్, టిన్ను టమోటాలు, బీన్స్, కూరగాయలు, పళ్లు, మాంసం లేదా చేప టిన్నులు, డబ్బా పాలు, టీ, బిస్కట్లు. శాకాహారులైతే "మాంసం, చేప, గుడ్డు ఏవీ వద్దు" అని విడమర్చి చెప్పండి. వట్టి వెజిటేరియన్ అంటే గుడ్డు వస్తుంది. కందిపప్పు దొరక్కపోవచ్చు. శనగల టిన్నులు, టమోటా టిన్నులు అడిగి తీసుకుంటే కూరకూ చారుకూ పనికొస్తాయి, మిగిలిన చిల్లరతో పప్పూ బియ్యమూ కొనుక్కోవచ్చు. ఉప్పునీళ్లలో ఉన్న టిన్ను కూరగాయల్ని కడిగి వండండి. బాబు తినే ఆ రెండు మూడింటిలో పెరుగన్నం ఉంటే, యూహెచ్‌టీ పాలు కాచక్కర్లేదు, గోరువెచ్చగా చేసి తోడు వేస్తే చాలు. నీలం మూత ఫుల్ ఫ్యాట్ పాలు అడగండి, వెన్న తీసిన వాటితో పెరుగు పలచబడుతుంది.

బాబు సంగతి వోచర్ ఇచ్చేవాళ్లకు ఒకే వాక్యంలో చెప్పండి: "ఆటిజం ఉంది, ఫలానా బ్రాండు ఫలానా రకం తప్ప ముట్టడు." పేరు చెప్పకపోతే అదే వస్తువు వేరే కంపెనీది వస్తుంది, వాడు ముట్టడు. దొరక్కపోతే మిగతా ఇంటికి సరుకు తీసుకుని, ఆ మిగిలిన డబ్బు వాడి ఒక్కడి తిండి మీద పెట్టండి. అదేమీ గారాబం కాదు. నాపీలు, సబ్బులు, పేస్టు కూడా ఉంటాయి, అడిగితేనే ఇస్తారు. కరెంటుకో గ్యాసుకో ముందే డబ్బు వేసే ప్రీపేమెంట్ మీటరైతే ఇంధన వోచర్ కూడా అక్కడే అడగండి.

పాప దగ్గర మాత్రం జాగ్రత్త. మింగడం కష్టమైన బిడ్డకు ఫుడ్ బ్యాంకు టిన్ను తెరిచి మెదిపి పెట్టేయకూడదు. రసంలో ముక్కలున్న పళ్ల టిన్ను, పాలల్లో సీరియల్, పొడిపొడిగా ఉన్న అన్నం, బ్రెడ్డు, ఇవన్నీ గొంతుకు అడ్డం పడేవే. మింగడం చూసే స్పీచ్ థెరపిస్టు ఏ మెత్తదనం చెప్పారో దాన్నే పాటించండి. తాగేవాటిని చిక్కబరిచే పొడి, ప్రత్యేక పాలు జీపీ ప్రిస్క్రిప్షన్ మీద రావాలి, పిల్లలకు ఉచితం. వాటిని డబ్బు పెట్టి కొంటుంటే ఈ వారమే జీపీని అడగండి. నాపీలూ అంతే. ఐదేళ్లు దాటిన వైకల్యం ఉన్న పిల్లలకు చాలాచోట్ల ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ)లో మలమూత్రాల అదుపు సమస్యలు చూసే కంటినెన్స్ సర్వీసు ఉచితంగా ఇస్తుంది. జీపీ గానీ స్కూలు నర్సు గానీ రాసి పంపాలి.

ఇక డబ్బు. కింది అంకెలు 2025 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు ఉన్న రేట్లు, ఏటా ఏప్రిల్‌లో మారతాయి.

యూనివర్సల్ క్రెడిట్ స్టేట్‌మెంట్ తెరిచి రెండు వరుసలు ఉన్నాయేమో చూడండి. ఒకటి వైకల్యం ఉన్న బిడ్డకు అదనం, బాబు రేటుకు నెలకు 158.76 పౌండ్లు. రెండోది కేరర్ ఎలిమెంట్, 201.68 పౌండ్లు. మధ్య రేటు డీఎల్ఏ ఉన్న బిడ్డను వారానికి 35 గంటలు చూసుకునేవారికి ఇది వస్తుంది. సంరక్షకులకు విడిగా ఇచ్చే కేరర్స్ అలవెన్స్ తీసుకోకపోయినా వస్తుంది. రెండూ కలిపి 360.44. డీఎల్ఏ మంజూరైన సంగతి యూనివర్సల్ క్రెడిట్ వాళ్లకు దానంతటదే చేరిపోతుందనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. డీఎల్ఏ ఉత్తరం ఇంటికొస్తుంది, యూనివర్సల్ క్రెడిట్ లెక్క పాతదే నడుస్తుంటుంది. ఆన్‌లైన్ ఖాతాలో మార్పు నమోదు చేసే చోట, పిల్లల వివరాల కింద ఇది రాయండి. మీరు చూసుకుంటున్న సంగతి విడిగా నమోదు చేయాలి. తర్వాత జర్నల్‌లో, డీఎల్ఏ మొదలైన తేదీ రాసి, ఆ తేదీ నుంచీ బకాయి ఇవ్వమని అడగండి. "చెప్పిన నెల నుంచే ఇస్తాం" అని జవాబొస్తే ఒప్పుకోకండి, సిటిజన్స్ అడ్వైస్‌కు చూపించండి. డీఎల్ఏ డబ్బును యూనివర్సల్ క్రెడిట్‌లో ఆదాయంగా కలపరు. బిడ్డకు డీఎల్ఏ ఉన్న ఇంటికి బెనిఫిట్ క్యాప్, అంటే మొత్తం బెనిఫిట్స్ మీద పెట్టే పరిమితి, కూడా వర్తించదు. స్టేట్‌మెంట్‌లో క్యాప్ కోత కనిపిస్తే అది పొరపాటే.

పాప దరఖాస్తు ఇంకా పెద్దది, ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దు. డీఎల్ఏకు పాత బకాయి ఉండదు. 0800 121 4600కి ఫోన్ చేసి ఫారం అడగండి. ఫోన్ చేసిన రోజే దరఖాస్తు తేదీ అవుతుంది, ఆరు వారాల్లో నింపి పంపాలి. వెబ్‌సైటు నుంచి దించుకుంటే ఫారం వాళ్లకు చేరిన రోజే లెక్క. అందుకే ఫోనే మేలు. పగలూ రాత్రీ రెండు పూటలా సంరక్షణ కావలసిన బిడ్డకు అత్యధిక రేటు, వారానికి 110.40. నడవలేని బిడ్డకు పై మొబిలిటీ రేటు, 77.05. అత్యధిక సంరక్షణ రేటు వస్తే యూనివర్సల్ క్రెడిట్‌లో అదనం కూడా 158.76 కాదు, 495.87.

ఆ ఫారం దగ్గరే మన తల్లిదండ్రులు దెబ్బతింటారు. బిడ్డ గురించి చెడ్డ మాట రాయడానికి చెయ్యి రాదు, "పర్వాలేదు, కొంచెం సాయం చేస్తే తింటుంది" అని రాసేస్తారు. చదివే అధికారి ఆ "పర్వాలేదు"నే పట్టుకుంటారు. అక్కడ చూసేది అదే వయసు బిడ్డ కంటే ఎంత ఎక్కువ చేయాల్సి వస్తోందన్నదే. ఆరేళ్ల బిడ్డ ఇరవై నిమిషాల్లో తింటే మీ పాపకు గంట పడుతుందా? పొలమారుతుందా? ఎవరు కూర్చోవాలి? రాత్రి ఎన్నిసార్లు లేచి పక్కకు తిప్పాలి, ప్రతిసారీ ఎంతసేపు? రాత్రికి రెండుసార్లు లేవడం, లేదా ఒకసారే లేచినా ఇరవై నిమిషాలు పట్టడం లెక్కలోకి వస్తుంది. ఒక మామూలు వారం రోజులు చిన్న నోట్‌బుక్‌లో గంటలతో సహా రాసి జతచేయండి. ఫిజియోథెరపిస్టు ఉత్తరం, స్కూలు నుంచి ఉత్తరం, ఈహెచ్‌సీపీ (బిడ్డ చదువు, ఆరోగ్యం, సంరక్షణ అవసరాల మీద కౌన్సిల్ రాసిచ్చే పత్రం) ఉంటే దాని నకలు కలపండి. పంపేముందు ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాల కోసం పనిచేసే కాంటాక్ట్ సంస్థను 0808 808 3555లో అడిగితే ఫారం గురించి చెబుతారు. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు దుబాసి కావాలని అడగండి, పిల్లలతోనో పక్కింటివాళ్లతోనో మాట్లాడించొద్దు.

బాబు కూడా రాత్రిళ్లు నిద్రపోడా? అయితే అతని రేటు పెంచమని అడగొచ్చు. కానీ తొందరపడి మీ అంతట మీరు రాయకండి. ఇప్పుడు మంజూరైనదాన్ని మొత్తం మళ్లీ తెరిచి చూస్తారు, తగ్గే వీలూ ఉంది. సలహాదారుకు కాగితాలు చూపించాకే కదపండి.

మీవారి పని మీద ఒక ప్రశ్న. ఆయన స్వయం ఉపాధి కింద ఉన్నారా? ఉంటే, మొదటి ఏడాది దాటాక ఆయన ఎంత తక్కువ సంపాదించినా ఒక కనీస ఆదాయం వచ్చినట్టే లెక్కేసి క్రెడిట్ కోస్తారు. పని లేని నెలల్లో ఇల్లు గడవకపోవడానికి ఇదే కారణం కావచ్చు. పాపకు మధ్య లేదా అత్యధిక రేటు వచ్చి, ఆయన కూడా ఇద్దరిలో ఒకరిని నిజంగా వారానికి 35 గంటలు చూసుకుంటుంటే, ఆయనకూ విడిగా కేరర్ ఎలిమెంట్ రావచ్చు, ఆ కనీస ఆదాయం లెక్కా పోతుంది. ఒక్కో బిడ్డకు ఒక్కరు. పాత అడ్వాన్సులూ అప్పులూ కోతలో పడుతున్నాయా అన్నదీ చూడండి. 2025 ఏప్రిల్ నుంచి చాలా రకాల కోతలు కలిపినా స్టాండర్డ్ అలవెన్సు (యూనివర్సల్ క్రెడిట్‌లో మూల మొత్తం)లో 15 శాతం మించకూడదు, అదీ భారమైతే తగ్గించమని అడగొచ్చు.

స్కూలు భోజనం: ఇంగ్లండు ప్రభుత్వ స్కూళ్లలో రెండో తరగతి (ఇయర్ 2) దాకా అందరికీ ఉచితం. ఆ పైన 2026 సెప్టెంబరు నుంచి యూనివర్సల్ క్రెడిట్ ఉన్న ఇళ్ల పిల్లలందరికీ. మీ పిల్లలిద్దరూ స్కూలు వండే తిండి తినలేరు కాబట్టి "ఉంది కదా, తినకపోతే మేమేం చేస్తాం" అని ఊరుకోనివ్వకండి. ఉచిత భోజనానికి అర్హత ఉండి వైకల్యం వల్ల తినలేని బిడ్డకు, 2010 ఈక్వాలిటీ యాక్ట్ కింద వేరే ఏర్పాటు, ఉదాహరణకు సూపర్‌మార్కెట్ వోచర్, ఇవ్వమని హెడ్‌టీచరుకు రాతపూర్వకంగా అడగొచ్చు. వాషింగ్ మెషీనో ఫ్రిజ్జో పాడైతే వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాలకు సాయం చేసే ఫ్యామిలీ ఫండ్ సంస్థకు దరఖాస్తు పెట్టండి, తిరిగి కట్టక్కర్లేదు. నీటి మీటరుండి బట్టలుతకడం ఎక్కువైతే బిల్లుకు పరిమితి పెట్టే వాటర్‌ష్యూర్ పథకం కోసం నీళ్ల కంపెనీని అడగండి.

మీవారితో వాదన పరువు మీద పెట్టుకోకండి, అక్కడ మీరు గెలవరు. స్టేట్‌మెంట్ కాగితం ముందు పెట్టి, ఏ వరుస లేదో వేలు పెట్టి చూపించండి. ఆయన ఇన్నాళ్లూ తన సంపాదన చాలట్లేదనే కుమిలిపోతూ ఉండొచ్చు. లెక్కలో లోపం ఉందని తెలిస్తే మనిషి కాస్త కుదుటపడతారు. గుడిలోనో తెలుగు సంఘంలోనో ఎవరైనా చూస్తారన్న బెరుకుంటే, సరుకు ఇంటికి పంపించుకోండి. ఫుడ్ బ్యాంకు వాళ్లు మీ పేరు బయట చెప్పరు.

ఏ నిర్ణయం మీద అయినా "కాదు" అని ఉత్తరం వస్తే, ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి ఒక నెలలో మళ్లీ చూడమని అడగాలి. అప్పుడూ కాదంటే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, ఫీజు లేదు.

ఇదే ప్రశ్న వీసా మీద ఉన్నవాళ్లకూ వస్తుంది కాబట్టి ఒక మాట. వీసాలో పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే బెనిఫిట్స్, లేవని ఉంటే యూనివర్సల్ క్రెడిట్, డీఎల్ఏ పెట్టకండి, వీసాకు చిక్కొస్తుంది. కౌన్సిల్ ఇచ్చే అత్యవసర నగదు సాయం కూడా ఇమ్మిగ్రేషన్ సలహాదారును అడగకుండా తీసుకోవద్దు. ఫుడ్ బ్యాంకు మాత్రం పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు, వాళ్లూ నిశ్చింతగా వెళ్లొచ్చు.