చదివేది థియరీ, నడపాల్సింది ఆఫీసు

ప్రశ్న: మా అమ్మాయి బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) నాలుగో సంవత్సరం. చరిత్ర, సిద్ధాంతాలు బాగానే చెబుతున్నారు కానీ ఇంటి డిజైన్‌కు ఫీజు ఎంత అడగాలో ఎవరూ చెప్పలేదట. సొంత ఆఫీసు పెడతానంటోంది. ఎంబీఏ చేయించమంటారా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఎంబీఏ అక్కర్లేదు. తన ఆఫీసులో గంట పని ఎంతకు పడుతుందో లెక్క కట్టడం వస్తే చాలు. ఉదాహరణకు తనూ ఒక అసిస్టెంటూ ఉన్నారనుకుందాం. తన జీతం 40,000, అసిస్టెంటుకు 20,000, అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్, ప్రింట్లకు 20,000. నెలకు మొత్తం 80,000. రోజుకు 8 గంటల చొప్పున 25 రోజులకు ఇద్దరివీ కలిపి 400 గంటలు. అందులో క్లయింటుకు లెక్కగట్టగలిగేవి 240కి మించవు. మిగతావి ఫోన్లకు, తిరుగుళ్లకు, చేతికి రాని పనుల కొటేషన్లకు పోతాయి. అంటే గంటకు 333 రూపాయలు. పని లేని నెలల కోసం నాలుగో వంతు కలిపితే సుమారు 420.

రెండు వేల చదరపు అడుగుల ఇంటికి తొలి స్కెచ్ నుంచి సైటు విజిట్ల దాకా 350 గంటలు పడితే ఫీజు 1,47,000. అదే ఇంటిని చదరపు అడుగుకు 20 రూపాయలకు ఒప్పుకుంటే చేతికొచ్చేది 40,000. ఆ డబ్బుకు 95 గంటల పనే గిట్టుబాటు. తొంభై ఆరో గంట నుంచి కోత మొదలవుతుంది, ముందుగా పోయేవి వర్కింగ్ డ్రాయింగులే (సైటులో చూసి కట్టడానికి ఇచ్చే కొలతల బొమ్మలు). అప్పుడు మెట్ల మీద తల తగిలే బీము సైటులో బయటపడితే మేస్త్రీని తిట్టి లాభం లేదు.

విడతలు కూడా ముఖ్యమే. చాలామంది క్లయింట్లు పర్మిషన్ డ్రాయింగులు చేతికి రాగానే కనపడరు. ఆర్కిటెక్టులను నమోదు చేసే సంస్థ కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఇచ్చిన పద్ధతిలో తొలి డిజైన్‌కు 10 శాతం, ప్రాథమిక డ్రాయింగులకు 20, అనుమతులు వచ్చాక 35, వర్కింగ్ డ్రాయింగులు, టెండరు పత్రాలకు 45 శాతం అందాలి (అన్నీ మొదటి నుంచి కలిపిన లెక్క). ఎలివేషన్ (ఇంటి బయటి రూపం) ఎన్నిసార్లు మారుస్తారో, ఆపైన గంటకు ఎంతో ఒప్పందంలోనే రాయాలి.

ఇంకో సంగతి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అనే పేరును మాత్రమే, ఆ పని చేసే హక్కును కాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అంటే ఇంటి డిజైన్ ఇతరులూ చేయొచ్చు. డిప్లొమా డ్రాఫ్ట్స్‌మన్‌తో రేటులో పోటీ పడితే మీ అమ్మాయి ఓడిపోతుంది. గాలి, వెలుతురు, కదలికల గురించి ఆ థియరీ క్లాసుల్లో నేర్చుకున్నదే ఆమెకు ఎక్కువ ఫీజు తెచ్చే సరుకు.

ప్రశ్న: థియరీ గంటలు తగ్గించి స్టార్టప్ కోర్సు పెట్టమని మా కాలేజీ యాజమాన్యం అంటోంది. ఒప్పుకోవాలా?
– ఒక అధ్యాపకురాలు, విజయవాడ

జవాబు: వద్దు. ఈ పేచీ మీ కాలేజీలో పుట్టింది కాదు. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన డిజైన్ పాఠశాల బౌహౌస్‌లోనూ నలిగింది. అక్కడి డిజైన్లు అమ్మడానికి 1925లో ఏకంగా కంపెనీయే పెట్టారు. అయినా అన్నిటికంటే బాగా అమ్ముడైనవి హానెస్ మేయర్ డైరెక్టరుగా ఉన్న హయాంలో రాష్ కంపెనీ అచ్చువేసిన గోడ కాగితాలు. అవి వ్యాపార పాఠంలోంచి రాలేదు, గోడల రంగుల వర్క్‌షాపులోంచి వచ్చాయి. దగ్గరి ఛాయలు, సన్నటి నమూనాలు చిన్న గదులకు నప్పాయి. అతుకుల దగ్గర డిజైన్ కలపాల్సిన పని లేక కాగితం వృథా తగ్గింది.

కాబట్టి డబ్బు లెక్కను డిజైన్ స్టూడియో క్లాసులోకే తీసుకురండి. మూడో వారంలో ప్రాజెక్టుకు ఖర్చు పరిమితి ఇవ్వండి. ఎనిమిదో వారంలో ఇటుక, కాంక్రీటు, స్టీలు, తలుపులు, ఫ్లోరింగు పరిమాణాలు అడగండి. డిజైన్లను పరీక్షించే చివరి జ్యూరీలో షీట్ల పక్కనే విద్యార్థి ఆ పనికి పెట్టిన గంటల పట్టిక పెట్టించండి. స్టార్టప్ కోర్సుల్లో నేర్పేది ఎక్కువగా పెట్టుబడిదారుల ముందు మాట్లాడటం. ఇళ్ల డిజైన్ చేసే ఆఫీసుకు కావలసింది పెట్టుబడిదారుడు కాదు, బాకీ వసూలు.

ప్రశ్న: టైల్స్ షాపు వాళ్లు కమీషన్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– కొత్త ఆర్కిటెక్ట్, కాకినాడ

జవాబు: కూడదు. ఆర్కిటెక్టుల 1989 వృత్తి నియమావళి దానికి ఒప్పుకోదు. షాపు తగ్గింపు ఇస్తే అది క్లయింటు బిల్లులో కనపడాలి. మీకే షాపు ఉంటే ఆ సంగతి క్లయింటుకు ముందే కాగితం మీద రాసివ్వండి.