ట్యాంకులో సీసా పోస్తే మైలేజీ పెరుగుతుందా?

ప్రశ్న: నా పెట్రోలు కారు కొని ఏడేళ్లయింది, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. లీటరుకు 17 ఇచ్చేది ఇప్పుడు 14 దాటడం లేదు. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఒక సీసా ఇంజెక్టర్ క్లీనర్ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను శుభ్రం చేసే మందు) పోయమని బంకులో చెబుతున్నారు. పోస్తే పాత మైలేజీ వస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సీసా కొనేముందు మైలేజీ నిజంగా ఎంత పడిందో తేల్చుకోండి. మీటరు బోర్డు చూపే అంకెను నమ్ముకోవద్దు. నాజిల్ మొదటిసారి టక్కున ఆగేదాకా నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ అలాగే నింపించండి. తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీస్తేనే ఆ లెక్కకు విలువ.

పడిన మాట నిజమేనని తేలితే, పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు చేయండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోండి. పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి (డిస్కు తాకొద్దు, కాలుతుంది). ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు. ఎంత దూరం నడిపినా ఇంజిన్ వేడి ముల్లు సగానికి రాకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీటి దారిని తెరిచి మూసే వాల్వు) తెరుచుకునే ఉండిపోయిందని అర్థం. అప్పుడు ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకొని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) పాతబడినా ఇదే తీరు. ఎయిర్ ఫిల్టర్ గురించి చాలామంది పొరబడతారు. ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ పోతుంది గానీ మైలేజీ పెద్దగా పడదు. ఫిల్టర్ వల్ల మైలేజీ దెబ్బతినేది కార్బురేటర్ బండ్లలో.

ఇవన్నీ బాగున్నా, పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ వణుకుతూ, ఎక్సలేటర్ తొక్కితే ఒక్క క్షణం ఆగి అందుకుంటుంటే మసి పట్టిందని అనుమానించవచ్చు. ఊళ్లోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే కార్లలో ఇది మామూలే. అప్పుడు సీసా పనికొస్తుంది, అయితే అన్ని సీసాలూ కాదు. లేబుల్ మీద పాలీఈథర్ అమీన్ అనే మందు పేరు ఉందో లేదో చూడండి. గట్టిపడిన మసిని కరిగించడంలో దానికి మంచి పేరుంది. ఏముందో రాయకుండా "మైలేజీ గ్యారంటీ" అని మాత్రమే రాసినది కొనవద్దు.

ట్యాంకు అడుగంటాక ముందు సీసా పోసి, తర్వాత పెట్రోలు నింపించండి. నింపే దూకుడుకు అదే కలిసిపోతుంది. ఎన్ని లీటర్లకు ఎంత అని సీసా మీద ఉన్న కొలతే కొలత. రెట్టింపు పోస్తే రెట్టింపు శుభ్రం కాదు. ఆ ట్యాంకు ఊళ్లో నత్తనడకన కాకుండా డోన్ దాకానో గుత్తి దాకానో హైవే మీద నడిపి అవగొట్టండి. ఆ మందు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది కాబట్టి, ఆయిల్ మార్చే గడువుకు కాస్త ముందు వాడటం మేలు. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి చాలు, ప్రతి ట్యాంకుకూ దండగ. రెండు ట్యాంకులకు తేడా రాకపోతే మూడోదానికీ రాదు.

మీది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు. వాటి మీది మసిని ట్యాంకులో పోసిన ఏ మందూ తాకలేదు. దాన్ని వర్క్‌షాపులో విప్పి తీయించాల్సిందే.

ప్రశ్న: మా ట్రాక్టరుకు పన్నెండేళ్లు. లోడు పడితే నల్లపొగ. పొద్దున నాలుగైదు సెల్ఫులు కొడితే గానీ స్టార్ట్ కాదు. అంగడిలో సీటేన్ బూస్టర్ (డీజిల్ తేలిగ్గా అంటుకునేలా చేసే మందు) ఇస్తామంటున్నారు, పక్క చేనాయన డీజిల్లో టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ బండ్ల ఆయిల్) కలపమంటున్నాడు. ఏది మంచిది?
– ఒక రైతు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: రెండూ వద్దండి. నల్లపొగ అంటే పోసిన డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని. మీ వైపు నాపరాళ్ల పాలిష్ దుమ్ము, చేలో దున్నేటప్పుడు లేచే ఎర్రదుమ్ము, రెండూ ఎయిర్ క్లీనర్‌లోకే పోతాయి. మీది ఆయిల్ బాత్ రకమైతే కింది గిన్నె విప్పి చూడండి. ఆయిల్ చిక్కటి బురదలా ఉంటే పారబోసి, గిన్నె డీజిల్‌తో కడిగి తుడిచి, కొత్త ఆయిల్ గీత వరకే పోయండి. గీత దాటితే ఇంజిన్ ఆ ఆయిల్‌ను లాక్కుంటుంది, తక్కువైతే దుమ్ము ఆగదు. దుక్కుల కాలంలో దీన్ని రోజూ చూడాలి.

స్టార్టింగ్ ఇబ్బందికి డీజిల్ దారి చూడండి. ఫిల్టర్ కిందున్న డ్రెయిన్ స్క్రూను రెండు చుట్లు వదులు చేసి గాజు గ్లాసులో పట్టండి. నీళ్లుంటే అడుగున వేరుగా తేరుకుంటాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించండి. తర్వాత ఫిల్టర్ పైనున్న ఎయిర్ స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ బుడగలు ఆగాక బిగించాలి. రోజూ గాలి తీయాల్సి వస్తోందంటే ఎక్కడో పైపు జాయింటో వాషరో గాలి పీలుస్తోంది. అది దొరకకుండా ఏ మందు పోసినా మళ్లీ అదే కథ. డీజిల్ డ్రమ్ముల్లో నిల్వ పెడితే ఒక రాత్రి కదలనీయకండి. అడుగున నాలుగు వేళ్ల మేర వదిలి పైదే తోడుకోండి.

ఇక సీటేన్. బీఎస్-6 (ఇప్పటి కాలుష్య ప్రమాణాల) డీజిల్‌కు కనీస సీటేన్ 51 అని ప్రమాణం. బంకు డీజిల్ సరైనదైతే మీ పాత ఇంజిన్‌కు ఇంకా పెంచాల్సిన పని లేదు. గడ్డకట్టకుండా పోసే చలికాలపు మందులు మంచు దేశాలకు, లడఖ్ లాంటి చోట్లకు. అనంతపురం చలికి వాటి అవసరం రాదు. టూటీ ఆయిల్‌తో పొగ తగ్గదు. ఇంట్లో బీఎస్-6 డీజిల్ కారు గానీ వ్యాను గానీ ఉంటే దాంట్లో అసలే పోయకండి. ఆ ఆయిల్లో లోహపు లవణాలుంటే అవి బూడిదై సైలెన్సర్ వైపున్న మసి ఫిల్టర్‌లో ఉండిపోతాయి, ఆ బూడిద కాలి పోదు. అలాగే యాడ్‌బ్లూ డబ్బా డీజిల్ మందు కాదు, యూరియా నీళ్లు. దానికి వేరే ట్యాంకు ఉంటుంది. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం తిప్పకుండా బండిని తోయించుకొని వెళ్లి ట్యాంకు ఖాళీ చేయించండి. ఒక్కసారి స్టార్ట్ చేసినా పంపు, ఇంజెక్టర్లు పోవచ్చు.

గాలి, డీజిల్ రెండూ సరిచేశాక కూడా నల్లపొగ వస్తే ఇంజెక్టర్లు విప్పించి టెస్ట్ బెంచి మీద పెట్టించండి. డీజిల్ తుంపరగా రాకుండా బొట్లుగా కారుతుంటే నాజిళ్లు మార్చాలి.

ప్రశ్న: 2018 మోడల్ కార్బురేటర్ బైకు. ఇథనాల్ పెట్రోలు పాడుచేస్తుందని ఒక రక్షణ మందు అమ్ముతున్నారు. పైగా గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమంటోంది. ఆక్టేన్ (పెట్రోలు కొట్టుకోకుండా కాలే గుణం) పెంచే బూస్టర్ వేయనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఇథనాల్‌లో లీటరుకు పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ. 20 శాతం కలిస్తే మొత్తం మీద సుమారు 6, 7 శాతం తగ్గుతుంది. ఆ తగ్గిన శక్తిని ఏ సీసా తిరిగివ్వలేదు. రబ్బరు పైపులు, ఓ-రింగులు ఉబ్బడం, పగలడం కూడా మందుతో ఆగదు. పైపు మెత్తబడితే మార్చేయడమే. అసలు భయపడాల్సింది నీటికి. వాననీళ్లు ట్యాంకులో పడితే ఇథనాల్ వాటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. బైకు నెలల తరబడి కదలకపోతే ట్యాంకు నిండుగా ఉంచి, కార్బురేటర్ గిన్నె కింది స్క్రూ వదిలి పెట్రోలు తీసేయండి.

మీ పెట్రోల్లో ఇథనాల్ ఎంతుందో చూడాలంటే, ఆరుబయట, నిప్పుకు దూరంగా, కొలగీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కుదిపి పది నిమిషాలు పెట్టండి. అడుగు పొర 40కి దగ్గరగా పెరిగితే సుమారు 20 శాతం ఉన్నట్టు.

టకటక గురించి: ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచేదే తప్ప తగ్గించేది కాదు. ఘాటులో పై గేరులోనే బలవంతంగా లాగిస్తే ఏ బైకైనా కొట్టుకుంటుంది. ఒక గేరు తగ్గించి చూడండి. అప్పటికీ ఆగకపోతే ప్లగ్గు నంబరు మాన్యువల్‌లో ఉన్నదేనా, పిస్టన్ మీద మసి పేరుకుందా చూపించండి. బూస్టర్ సీసాల మీద "30 పాయింట్లు" అని రాస్తారు. అక్కడ పది పాయింట్లంటే ఒక్క ఆక్టేన్ అంకె, అంటే పెరిగేది మూడే.

ప్రశ్న: పెట్రోలు పైపుకు అయస్కాంతం, ట్యాంకులో కలరా ఉండలు… పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: పెట్రోలు మీద అయస్కాంతం ప్రభావం ఉండదు. ఇలాంటి మైలేజీ పరికరాలను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వందకు పైగా పరిశీలించింది. చెప్పుకోదగ్గ మేలు చేసినది ఒక్కటీ తేలలేదు. కలరా ఉండలు కరిగినట్టే కనిపిస్తాయి, పెట్రోలు ఆవిరైన చోట మళ్లీ తెల్లటి పలుకులై జెట్టును (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మూసేస్తాయి. ఇప్పటికే వేసి ఉంటే ట్యాంకు ఖాళీ చేయించి, కార్బురేటర్ విప్పి కడిగించండి.