డీజే డెస్క్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(నల్లగొండలో సౌండ్ సర్వీస్ నడుపుతూ పెండ్లిళ్లకు, జాతరలకు డీజే వాయించే మా శీర్షిక రచయిత ఈసారి డీజే సాఫ్ట్‌వేర్‌ల గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. డీజే నేర్చుకోవాలని బాగా ఉంది. కంట్రోలర్ (డీజే సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడిపే బటన్ల పెట్టె) కొనే స్తోమత లేదు, పాత లాప్‌టాప్ ఒకటుంది. దోస్తు ఒకడు క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తానంటున్నడు. వేసుకోవచ్చా? అసలు దేనితో మొదలుపెట్టాలె?
– ఒక విద్యార్థి, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, ఆ పెన్‌డ్రైవ్ జోలికి పోకు. క్రాక్ ఫైల్‌తో పాటు లాప్‌టాప్‌లోకి ఇంకేం దూరుతుందో ఎవరూ చెప్పలేరు. నడి బరాత్‌లో అది ఆగిపోతే అడగడానికి దిక్కు ఉండదు. పైగా నీకు దాని అవసరమే లేదు. మిక్స్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ఇంగ్లిష్‌లో చివర మూడు ఎక్స్‌లు పెట్టి వెతుకు, దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకో. విండోస్, మ్యాక్, లినక్స్ దేని మీదైనా నడుస్తుంది. డెన్మార్క్‌కు చెందిన టూ హాస్టె ఆండర్సన్ అనే పరిశోధకుడు తన డాక్టరేట్ పనిలో భాగంగా 2001లో దీన్ని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎన్నో దేశాల ప్రోగ్రామర్లు, డీజేలు తలా ఓ చెయ్యి వేసి పెంచుకుంటూ వస్తున్నారు. ఇందులో డబ్బు కడితేనే తెరుచుకునే బటన్ ఒక్కటీ లేదు. కూలి పనికి పోయే ఇంటి పిల్లవాడికీ, పేరున్న డీజేకూ చేతికొచ్చేది ఒకే సరుకు. అందుకే నాకు దీని మీద అంత అభిమానం.

మిగతావి కూడా తెలుసుకో, రేపు ఎవరి దగ్గరైనా పనిలో చేరితే అవే కనిపిస్తాయి. 1990ల చివర్లో నెదర్లాండ్స్‌లో ఫైనల్ స్క్రాచ్ అనే డీజే ఏర్పాటు పుట్టింది. దానితో వాడే గ్రామఫోన్ రికార్డులో పాట ఉండదు, టైమ్‌కోడ్ అనే సంకేతం మాత్రమే ఉంటుంది. రికార్డును చేత్తో ముందుకు తిప్పితే కంప్యూటర్‌లోని పాట ముందుకు పోతుంది, వెనక్కి తిప్పితే వెనక్కి వస్తుంది. పెట్టెల కొద్దీ రికార్డులు మోసుకు తిరిగే డీజేలకు అది ఎంత ఊరటో ఊహించుకో. తర్వాత డీజే సాఫ్ట్‌వేర్‌లు వరుస కట్టాయి: 2000లో జర్మనీ నుంచి ట్రాక్టర్, 2003లో వర్చువల్ డీజే, 2004లో న్యూజిలాండ్‌కు చెందిన సెరాటో వాళ్ల స్క్రాచ్ లైవ్, 2009లో పయొనీర్ వాళ్ల రికార్డ్‌బాక్స్ వచ్చాయి. మన దిక్కు బరాత్ బండ్లలో నేను ఎక్కువగా చూసేది వర్చువల్ డీజే. ఇంట్లో నేర్చుకోవడానికి అది కూడా ఉచితమే, దానితో సంపాదన మొదలైతే మాత్రం లైసెన్స్ కొనాలి.

కంట్రోలర్ లేదని బాధపడకు, కీబోర్డు, మౌస్ చాలు. నీకు నోటికి వచ్చిన పాటలు రెండు తీసుకుని చెరో డెక్‌లో (తెర మీద ఒక్కో పాట నడిచే చోటు) వెయ్యి. రెండు పాటల వేగాన్ని తనంతట తానే కలిపే సింక్ బటన్‌ను మొదట్లో ముట్టుకోకు. రెండో పాట వేగాన్ని టెంపో స్లైడర్‌తో పెంచుతూ తగ్గిస్తూ, చెవితో వింటూ మొదటి పాటకు కలుపు. కీలాక్ ఆన్‌లో పెట్టుకో. అది లేకపోతే పాటను ఆరు శాతం వేగం పెంచినప్పుడు గొంతు కూడా సుమారు ఒక స్వరస్థానం పైకి పోయి, గాయకుడు ఎవరో వేరే మనిషిలా వినిపిస్తాడు. చేత్తో కలపడం వచ్చాక సింక్ వాడుకో, తప్పేం లేదు. అప్పుడైతే అది ఎక్కడ తప్పిందో నీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: అన్నా, మేము బరాత్‌లకు డీజే పెడుతుంటం. సినిమా పాటల మధ్య సింక్ నొక్కితే నీట్‌గా కలుస్తున్నయి. తీన్మార్ పాట రాంగనే అంతా గందరగోళం. దరువులు ఒకదాని మీద ఒకటి పడుతున్నయి, ఒక్కోసారి పాట నీరసంగా సాగుతది. ఎగిరేటోళ్లు ఆగిపోయి మా దిక్కు చూస్తుంటే ఒకటే టెన్షన్. సాఫ్ట్‌వేర్ ఖరాబైందా?
– బరాత్ డీజే, కల్వకుర్తి దగ్గర

జవాబు: సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది తమ్ముడూ. మన దరువు దానికి అర్థం కాలేదు, అంతే. ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండని నాకెప్పటి నుంచో ఉంది, కొంచెం వివరంగా చెప్తాను.

పాట లోడ్ చేయగానే సాఫ్ట్‌వేర్ దాన్ని మొత్తం చదివి, దెబ్బ ఎక్కడెక్కడ గట్టిగా పడుతుందో వెతుకుతుంది. ఆ దెబ్బల మధ్య ఎడం చూసి నిమిషానికి ఎన్ని బీట్లో లెక్క కడుతుంది. అదే బీపీఎం. ఆ లెక్క ప్రకారం పాట తరంగం మీద నిలువు గీతలు గీస్తుంది. దాన్ని బీట్‌గ్రిడ్ అంటారు. నువ్వు సింక్ నొక్కితే రెండు పాటల గీతలు ఒకదానికొకటి ఆనుకునేలా వేగం మారుతుంది. పాట వినపడుతున్నా సింక్ నమ్మేది ఆ గీతలనే. గీత తప్పు చోట ఉంటే పాట కూడా తప్పు చోటే పడుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లు ఎక్కువగా నాలుగు దెబ్బల లెక్కలో సాగే క్లబ్బు సంగీతాన్ని మనసులో పెట్టుకుని తయారైనవి. తీన్మార్‌లో ఒక్కో పెద్ద దెబ్బ లోపల మూడు చిన్న దెబ్బలు ఉంటాయి. ఉదాహరణకు, కాలు వేసే పెద్ద దెబ్బలు నిమిషానికి 92 అనుకో. చిన్న దెబ్బలు 276 అవుతాయి. సాఫ్ట్‌వేర్ వాటిని మూడు మూడుగా కాకుండా రెండు రెండుగా కట్టిందనుకో, తెర మీద 138 అని చూపిస్తుంది. అవతలి డెక్‌లో 120 బీపీఎం సినిమా పాట నడుస్తోంది. నువ్వు సింక్ నొక్కగానే అది 138ని 120కి దించుతుంది. అంటే అసలు దరువు 92 నుంచి 80కి పడిపోతుంది. పాట నీరసంగా సాగిందన్నావే, అది ఇదే. దెబ్బలు కూడా రెండుకు మూడు చొప్పున పడి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

దీనికి మందు మిక్స్‌లోనే ఉంది. పాట పేరు మీద రైట్ క్లిక్ చేస్తే అడ్జస్ట్ బీపీఎం అని వస్తుంది. అందులో రెట్టింపు, సగం మాత్రమే కాకుండా మూడింట రెండు వంతులు, నాలుగింట మూడు వంతులు లాంటివి కూడా ఉంటాయి. 138 చూపిస్తున్న పాటకు మూడింట రెండు వంతులు కొడితే 92కు వస్తుంది. సరైన అంకె ఏదో ఎలా తెలియాలి? పాట పెట్టుకుని, ఎగిరేవాళ్ల కాలు ఎక్కడ పడుతుందో అక్కడ ట్యాప్ బటన్ నొక్కుతూ పో. ఒక పది పదిహేను దెబ్బలకే నిలకడైన అంకె వస్తుంది. తర్వాత పాటను ఒక పెద్ద దెబ్బ దగ్గర సరిగ్గా ఆపి, గ్రిడ్‌ను అక్కడికి జరిపే బటన్ నొక్కు. చివరగా లాక్ బీపీఎం. లాక్ చేస్తే సాఫ్ట్‌వేర్ మళ్లీ తన లెక్క తెచ్చి మన లెక్క చెరపదు. మిగతా సాఫ్ట్‌వేర్‌లలోనూ ట్యాప్ చేసి గ్రిడ్ సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది, ముట్టుకునే చోటు వేరు.

అది సరిచేసినా కొన్ని పాటలు లొంగవు. జాతరలో, బోనాల్లో నేరుగా రికార్డ్ చేసిన డప్పు పాటలు వినే ఉంటావు. కొట్టేవాళ్లకు ఊపు వచ్చిన కొద్దీ వేగం పెరుగుతుంది. మొదట్లో 92 ఉన్నది చివరికి 97కు చేరుతుంది. వాయించేవాళ్ల ప్రాణం ఆ ఊపులోనే ఉంది, దాన్ని తప్పని నేనెప్పుడూ అనను. కానీ పాట అంతా ఒకే వేగంలో ఉంటుందని నమ్మి గీసిన గ్రిడ్ నడుమకు వచ్చేసరికి పక్కకు జరిగిపోతుంది. మిక్స్ సెట్టింగ్‌లలో బీట్ గుర్తింపు దగ్గర అస్యూమ్ కాన్‌స్టంట్ టెంపో అనే గడి ఉంటుంది. అలాంటి పాటల కోసం ఆ టిక్ తీసేసి మళ్లీ అనలైజ్ చేయించు. గీతలు దెబ్బల వెంట కదులుతాయి. స్టూడియోలో కంప్యూటర్ లయకు చేసిన పాటలకు మాత్రం టిక్ ఉండాలి.

నేను బండి మీద చేసేది ఇంకా సులువు. డప్పు పాటలో గొంతు లేకుండా దరువు ఒక్కటే ఉన్న చోటు వెతికి అక్కడ హాట్‌క్యూ (నొక్కితే పాట నేరుగా అక్కడికే దూకే గుర్తు) పెట్టుకుంటాను. సినిమా పాట అయిపోవస్తుండగా ఆ చోట నాలుగు బీట్ల లూప్ (అదే ముక్క మళ్లీ మళ్లీ తిరగడం) నడిపిస్తాను. తిరిగేది అవే నాలుగు దెబ్బలు కాబట్టి వేగం మారే ప్రశ్నే లేదు, సింక్‌కు కూడా తేలిక. ఎగిరేవాళ్లు కొత్త అడుగు అందుకున్నాక లూప్ వదిలేస్తాను, పాట తన ఊపులో తాను పోతుంది. రెండు పాటల వేగం మరీ దూరమైతే, ఉదాహరణకు 120కీ 92కీ, కలపాలని పంతం పట్టొద్దు. ఒకటి ఆపి, ఒక క్షణం ఖాళీ ఇచ్చి, డప్పు గట్టిగా పడేలా రెండోది ఎత్తుకో. మన జనానికి ఆ క్షణం ఖాళీ తర్వాత వచ్చే దెబ్బే ఇష్టం.

ఈ పనంతా పెండ్లి రోజు కాదు, ముందు రోజే ఇంట్లో కూర్చుని చేసుకోవాలి.

ప్రశ్న: మా బడి వార్షికోత్సవంలో పిల్లల చేత పాత పాటలు పాడించాలని ఉంది. కంప్యూటర్ పాటలోంచి గొంతు తీసేసి సంగీతం మాత్రం ఉంచుతుందని మా మనుమడు అంటున్నాడు. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, మిర్యాలగూడ

జవాబు: నమస్కారం సార్. మీ మనుమడు చెప్పింది నిజమే. ఇదివరకు ఒక చిట్కా ఉండేది. స్టీరియో పాటలో గాయకుడి గొంతు ఎడమ, కుడి రెండింటిలోనూ సమానంగా ఉంటుంది కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే గొంతు పోయేది. దానితో పాటు నడుమ ఉన్న డోలు, బేస్ కూడా పోయేవి. మోనోలో రికార్డయిన పాత పాటలకైతే రెండు వైపులా ఉన్నది ఒకటే, తీసేస్తే నిశ్శబ్దమే మిగిలేది.

ఇప్పటి పద్ధతి వేరు. వేల పాటలు విని గొంతు ఏది, తబలా ఏది అని నేర్చుకున్న ప్రోగ్రాంలు వచ్చాయి. ఫ్రాన్స్‌కు చెందిన డీజర్ సంస్థ 2019లో స్ప్లీటర్ అనే దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత డీజే సాఫ్ట్‌వేర్‌లలోకి కూడా ఇది స్టెమ్స్ పేరుతో వచ్చింది. వర్చువల్ డీజే, సెరాటో, ఆల్గోరిడిమ్ వాళ్ల డీజే యాప్‌లలో పాట నడుస్తుండగానే గొంతు తగ్గించవచ్చు. మోనో పాటలకూ పనిచేస్తుంది. అయితే పాత రికార్డుల్లో వయొలిన్లు, వేణువు గొంతు వెంటే పోతుంటాయి కదా, అక్కడ అవి కూడా కొంచెం కోసుకుపోయి గరగరమంటాయి. గొంతును పూర్తిగా తీసేయకుండా సన్నగా ఉంచమని మీ మనుమడికి చెప్పండి. పిల్లలకు ఆధారంగా ఉంటుంది, గరగర కూడా వినపడదు. ఇంకో మాట సార్, శ్రుతి కూడా మార్చుకోవచ్చు. పెద్దవాళ్ల స్థాయిలో ఉన్న పాటను పిల్లల గొంతుకు అందేలా ముందే సరిచేయించండి.

ప్రశ్న: లాప్‌టాప్‌లో పాట నడుస్తుంటే మధ్యమధ్య టక్ టక్ అని చప్పుడు వస్తుంది. హెడ్‌ఫోన్‌లో తర్వాతి పాట వేరుగా వినడం కూడా కుదరడం లేదు.
– నారాయణపేట నుంచి

జవాబు: రెండూ సౌండ్ కార్డు సంగతులే. కంప్యూటర్ ధ్వనిని ముక్కలు ముక్కలుగా పంపుతుంది. ఆ ముక్క సైజునే బఫర్ అంటారు. సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వని కొలతల) లెక్కన 256 శాంపిళ్ల బఫర్ అంటే 6 మిల్లీసెకన్ల కన్నా తక్కువ. పాత ప్రాసెసర్ అంత తొందరగా అందించలేకపోతే మధ్యలో ఖాళీ పడి టక్‌మంటుంది. 1024కు పెంచండి, ఆలస్యం సుమారు 23 మిల్లీసెకన్లు అవుతుంది. పాటను చేత్తో ముందుకు వెనక్కి గీకే స్క్రాచ్ చేయనివారికి అది తెలియనే తెలియదు. వాయించేటప్పుడు వైఫై, బ్రౌజర్ ఆపేయండి.

హెడ్‌ఫోన్‌కు రెండో అవుట్‌పుట్ కావాలి. యూఎస్‌బీ సౌండ్ కార్డు చిన్నది ఒకటి కొని హెడ్‌ఫోన్ దానికి, స్పీకర్ల వైరు లాప్‌టాప్‌కు పెట్టండి. మిక్స్ అయితే సౌండ్ హార్డ్‌వేర్ సెట్టింగ్‌లో మెయిన్, హెడ్‌ఫోన్స్ అని రెండు గడులు ఉంటాయి, దేనికి ఏ కార్డో ఎంచుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి వద్దు, ధ్వని ఆలస్యంగా చేరుతుంది.

ప్రశ్న: సౌండ్ సరిపోవడం లేదని మావాళ్లు సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఫుల్ పెడతారు. మీటర్ ఎరుపులోనే ఉంటుంది. ఏమైనా అవుతుందా?
– సౌండ్ సర్వీస్ కుర్రాడు, సూర్యాపేట

జవాబు: అవుతుంది తమ్ముడూ. డిజిటల్‌లో సున్నా డెసిబెల్ దాటితే తరంగం తల తెగిపోతుంది. మోత పెరగదు, గొంతు పగులుతుంది, ముందుగా పోయేది ట్వీటర్, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్. డెక్ గెయిన్ (ఒక్కో పాట ధ్వని మట్టం) తగ్గించి మీటర్ పచ్చలో ఉంచు, పెద్ద దెబ్బకు పసుపు తగిలితే చాలు. చాలకపోతే యాంప్లిఫయర్ దగ్గర పెంచు. నాణ్యత తక్కువుండే 128 కేబీపీఎస్ పాటలు తీసేసి 320వి పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. ఇక రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. బయానా తీసుకునేటప్పుడే బరాత్ ఎన్నింటికి లేస్తుందో, ఏ బజార్ల మీదుగా పోతుందో అడిగి, 10 గంటలకు బంద్ చేస్తామని పెండ్లివారికి అప్పుడే చెప్పు.