గడ్డి ఏపుగా పెరిగిన ఏడాదే కార్చిచ్చు భయం ఎక్కువ

ప్రశ్న: మా మేత బీడు అడవి అంచున ఉంది. వరుసగా రెండు వేసవుల్లో అడవిలోంచి మంటలు పాకి గడ్డి కాలిపోయింది. ఈసారి వానలు బాగా పడి గడ్డి నడుమెత్తు పెరిగింది. వేసవిలో మళ్లీ ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. బీడంతా చెట్లు నాటితే బెడద పోతుందని కొందరు, మనమే ముందుగా తగలబెడితే మేలని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం సరైనదే. దట్టమైన అడవికి కరువు ఏడాది ప్రమాదం. బీడు సంగతి వేరు. వానలు తక్కువైతే గడ్డి పలచగా వస్తుంది, మంట పాకడానికి ఆధారం దొరకదు. వానలు దండిగా పడి, వెనకే ఎండలు ముదిరితేనే బీడుకు ముప్పు. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఆ ముప్పు పెరుగుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఆ మేరకు నేలలోని, మొక్కల్లోని తేమను పీల్చేస్తుంది. లావాటి మొద్దు ఆరడానికి వారాలు పడుతుంది. ఎండుగడ్డి, 6 మిల్లీమీటర్లలోపు పుల్లలు గంట రెండు గంటల్లోనే ఆరిపోతాయి. పొద్దున మంచుకు తడిసిన గడ్డి మధ్యాహ్నానికల్లా భగ్గుమనేది అందుకే.

ఎండ, గాలి మన చేతిలో లేవు. గడ్డి మన చేతిలో ఉంది. కాబట్టి పని ఇప్పుడే, గడ్డి పచ్చిగా ఉండగానే మొదలుపెట్టండి. పూత దశలో కోస్తే మేతలో మాంసకృత్తులు ఎక్కువగా ఉంటాయి, వేసవికి నిల్వా దొరుకుతుంది. వామిని మాత్రం బీడులో వేయకండి. చుట్టూ గడ్డి చెక్కేసిన చోట, పశువుల పాకకు దూరంగా వేయండి. బీడంతా ఒకేసారి కోయనక్కర్లేదు. అడవి అంచు వెంబడి, బాటల వెంబడి వెడల్పాటి పట్టీలుగా కోసి, మళ్లీ ఎదగకుండా మందను అక్కడే మేపండి. ఆవులు గడ్డిని, మేకలు పొదలను తింటాయి కాబట్టి రెండూ ఉంటే ఇంకా మంచిది. స్పెయిన్‌లోని ఆండలూసియాలో అడవి ఫైర్‌ లైన్లను (మంట దాటకుండా గడ్డీగాదం తీసేసిన పట్టీలను) ఇలా మందలతో శుభ్రంగా ఉంచినందుకు కాపరులకు ప్రభుత్వమే డబ్బు చెల్లిస్తోంది. మేపును నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, అది ఖర్చు కాదు, రాబడి.

కోసిన పట్టీ మధ్యలో మట్టి కనిపించేలా చెక్కిన ఫైర్‌ లైన్ ఉండాలి. రాలిన ఆకులను వేసవి అంతా ఊడుస్తూ ఉండాలి, ఒకసారి చెక్కి వదిలేస్తే అది లైన్‌గా మిగలదు. ఏటవాలులో మంట పైకి వేగంగా పాకుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క. అందుకే గుట్ట నడుమ కన్నా గుట్ట నెత్తిన గీసిన లైన్ బాగా పనిచేస్తుంది. గాలి జోరుగా ఉంటే నిప్పురవ్వలు ఎంత వెడల్పు లైన్‌నైనా దాటేస్తాయి, దాన్నే నమ్ముకుని నిశ్చింతగా ఉండకండి. మంట జోరు తగ్గించి, మనుషులు నిలబడి ఆర్పడానికి చోటివ్వడమే దాని పని.

బీడంతా చెట్లు నాటమన్న సలహా వద్దు. దగ్గర దగ్గరగా నాటిన తోటలో ఆకు, కొమ్మ పేరుకుని మంట కొమ్మల్లోకి ఎక్కుతుంది. అప్పుడది గడ్డి మంట కన్నా ఎంతో ఉధృతంగా ఉంటుంది. గడ్డి తన బలాన్ని వేళ్లలో దాచుకుంటుంది, పైన కాలినా చిగురిస్తుంది. గాలిని వేడెక్కించే కార్బన్‌ను పట్టి ఉంచే విషయంలోనూ అంతే. కరువు, మంటలు పెరుగుతున్న కాలిఫోర్నియాలో అడవుల కన్నా పచ్చిక బయళ్లే కార్బన్‌ను భద్రంగా పట్టి ఉంచగలవని అక్కడి డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో తేల్చారు. ఉన్న చెట్లను కాపాడుకోండి. నేలను తాకే కింది కొమ్మలు కొట్టి, మొదళ్ల చుట్టూ గడ్డి తీసేస్తే చాలు.

ముందుగా కాల్చడంలో నిజం లేకపోలేదు. ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసులు ఎండలు ముదరకముందే, గడ్డి కొంత పచ్చిగా ఉండగానే, చిన్న చిన్న ముక్కలుగా కాల్చి పెద్ద మంటలను ఆపుతారు. కానీ అది తరాల అనుభవంతో చేసే పని. అటవీ అధికారుల అనుమతి, శిక్షణ పొందిన మనుషులు లేకుండా అగ్గిపుల్ల గీయకండి. అడవి అంచున ఒంటరిగా నిప్పు పెట్టడం నేరమూ అవుతుంది, ప్రాణం మీదికీ వస్తుంది. మేపు, కోతలతోనే మీ పని చాలా వరకు జరిగిపోతుంది.

ఇంత చేసినా కాలిపోతే, తొలకరికి వచ్చే లేత చిగుళ్ల మీదికి మందను తోలకండి. ఆ చిగురు వేళ్లలోని చివరి నిల్వతో వస్తుంది. అది మేస్తే దుబ్బు చచ్చి, ఆ ఖాళీలో కలుపు పొదలు దిగుతాయి. ఒక్కసారైనా గింజ పట్టి రాలనివ్వండి. వాలు నేలల్లో కాలిన కొమ్మలను అడ్డంగా పరిస్తే మొదటి వానలకు మట్టి కొట్టుకుపోదు. మాడిన చెట్లను తొందరపడి నరకొద్దు. బెరడు గీకి చూస్తే లోపల తడిగా, లేత రంగులో ఉంటే చెట్టు బతికే ఉంది.

మంటల్లో చిక్కిన పశువుల పొదుగు, కళ్లు, గిట్టల పైఅంచు వెంటనే చూడండి. గిట్టల దెబ్బ ఒక్కోసారి వారం, రెండు వారాల తర్వాతే బయటపడుతుంది. పొగ బాగా పీల్చిన వాటిని కొన్ని వారాలు దూరం తోలకుండా, శుభ్రమైన నీళ్లు దగ్గరే పెట్టి, పశువైద్యుడికి చూపించండి.