ఐటీ కంపెనీలో బెంచ్ మీద ఉండటం హాయేనా?

బెంచ్ మీద ఉండటమంటే చేతిలో ప్రాజెక్టు లేకుండా, తర్వాతి దాని కోసం ఎదురుచూడటం. "పని లేకుండానే జీతం వస్తుంది కదా, ఇంకేం కావాలి?" అని ఒకరు అడిగారు. మొదటి వారం హాయే, కాదనను.

ఈ కంపెనీలు క్లయింటుకు మన పనిగంటలు అమ్ముకుని బతుకుతాయి. ప్రాజెక్టు లేని ఉద్యోగి వాటికి ఉత్త ఖర్చు. అందుకే టీసీఎస్ 2025 జూన్‌లో ప్రతి ఉద్యోగికీ ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లింగ్ (క్లయింటు డబ్బు కట్టే పని) ఉండాలని, బెంచ్ 35 రోజులు దాటకూడదని నియమం పెట్టింది.

నేను వేరే కంపెనీలో, మాదాపూర్‌లో, రెండు నెలలు బెంచ్ మీదున్నాను. పొద్దున్నే కార్డు స్వైప్ చేసి, ఖాళీ సీటు వెతుక్కుని, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని కూర్చోవడమే. జావా ప్రోగ్రామింగ్ తప్ప ఏమీ రాని నన్ను మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థల భారీ కంప్యూటర్ల) ఇంటర్వ్యూకి పంపారొకసారి! రాత్రి అమ్మ "ఇవాళ ఏం చేశావురా?" అంటే "మీటింగులమ్మా" అనేవాణ్ని.